ధ్రువపు ఎలుగుబంటి నేల మీద తిని బతకగలదా? ఒక్కోచోట ఒక్కో మాట ఎందుకు చదువుతున్నాం?

పలకాబలపం_టీచర్
తొమ్మిదో తరగతికి ఆహారపు గొలుసు పాఠం చెబుతూ నల్లబల్ల మీద నాచు, రొయ్యజాతి చిన్న జీవులు, చేప, సీల్, ధ్రువపు ఎలుగుబంటి అని వరసగా రాసి బాణం గుర్తులు గీశాను. వెనక వరసలోంచి ఒక పాప లేచి, "నేను చూసిన వీడియోలో అది గూట్లో బాతుగుడ్లు తింటోంది టీచర్, ఆ బాణం ఎక్కడ గీస్తారు?" అని అడిగింది. రేపు చెబుతానని ఇంటికి వచ్చి చదవడం మొదలుపెడితే గందరగోళం ఇంకా పెరిగింది. నేల మీదికి చేరిన ఎలుగుబంట్లు తిండి లేక చిక్కిపోతున్నాయని ఒక వ్యాసంలో ఉంది. అలాస్కాలో నేల మీదికి వచ్చినవే పుష్టిగా ఉన్నాయని మరో వ్యాసంలో ఉంది. ఇద్దరూ శాస్త్రవేత్తల పరిశోధనలనే చూపిస్తున్నారు. రెండూ నిజమైతే పిల్లలకు ఏమని చెప్పాలి? ఏ తీరం గురించి రాస్తున్నారో మొదటి వాక్యంలోనే చెప్పకుండా "ధ్రువపు ఎలుగుబంట్లు" అని గంపగుత్తగా రాసేస్తే నాలాంటి వాళ్లం ఎలా అర్థం చేసుకోవాలి?

ఉత్తరతీరం
మీరు చదివిన రెండూ నిజమే. అది ఏం తింటుంది అని అడగడానికి ముందు, వేసవిలో అది ఎక్కడ ఉంది అని అడగాలి. తిండిని నిర్ణయించేది దాని ఇష్టం కంటే అది ఉన్న చోటే.

అలాస్కాకు ఉత్తరాన ఉన్న దక్షిణ బ్యూఫోర్ట్ సముద్రాన్నే తీసుకోండి. చలికాలంలోనూ వసంతంలోనూ అక్కడి ఎలుగుబంట్లు ఎక్కువగా ఖండతీరపు అంచు మీద, అంటే లోతు తక్కువగా ఉండి జీవరాశి ఎక్కువగా ఉండే నీళ్ల మీద పేరుకున్న మంచుపైనే ఉంటాయి. అక్కడ వాటి ప్రధాన ఆహారం రింగ్డ్ సీల్. వేసవిలో మంచు అంచు ఉత్తరానికి వెనక్కు పోతుంది, ఆ తీరంలో ఖండతీరపు అంచు ఇరుకైనది కాబట్టి మంచు త్వరగానే దాన్ని దాటి అగాధ జలాల మీదికి చేరిపోతుంది. అప్పుడు ప్రతి ఎలుగుబంటికీ రెండే దారులు. మంచుతో పాటు ఉత్తరానికి వెళ్లడం ఒకటి, ఒడ్డుకు ఈదుకు రావడం రెండోది. మంచుతో వెళ్లినవాటికి కాళ్ల కింద మంచు ఉంటుంది కానీ దాని కింద సీళ్లు తక్కువ. ఒడ్డుకు వచ్చినవాటికి తీరంలోని ఇనూపియాట్ ప్రజలు వేటాడిన బోహెడ్ తిమింగలాల ఎముకల కుప్పలు దొరుకుతాయి. మీ రెండో వ్యాసంలోని పుష్టి ఎలుగుబంట్లు ఇవే.

విన్నిపెగ్_తెలుగు
మొదటి వ్యాసం కెనడాలోని మా మానిటోబా రాష్ట్రం గురించే అయి ఉంటుంది. హడ్సన్ అఖాతం పడమటి తీరంలో ఉన్న చర్చిల్ ఊరికి నేను రెండుసార్లు వెళ్లాను. ఇక్కడి ఎలుగుబంట్లకు ఉత్తరతీరం గారు చెప్పిన రెండు దారులు లేవు. వేసవిలో అఖాతంలో మంచు పూర్తిగా కరిగిపోతుంది కాబట్టి అన్నీ ఒడ్డెక్కవలసిందే. మళ్లీ నవంబరు ప్రాంతంలో నీళ్లు గడ్డకట్టే దాకా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బతకాలి.

నేను వెళ్లినది అక్టోబరు చివర. ఎత్తైన చక్రాల బండిలోంచి చూస్తే, ఒక పెద్ద మగ ఎలుగుబంటి ఒడ్డున కొట్టుకొచ్చిన సముద్రపు నాచు కుప్పలో గడ్డం ఆనించి పడుకుని ఉంది. మేము అక్కడ ఉన్న గంటసేపట్లో అది ఒక్కసారి లేచి, రెండు నోళ్ల నాచు నమిలి, మళ్లీ పడుకుంది. దాని తుంటి ఎముకల దగ్గర చర్మం వదులుగా వేలాడుతూ కనబడింది. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ వదులు చర్మమే గుర్తుకు వస్తుంది.

గోదావరి_గట్టు
నాచు తింటోంది, గుడ్లు తింటోంది, తిమింగలం మిగుళ్లు తింటోంది. అంటే కొత్త తిండికి అలవాటు పడుతోందనే కదా అర్థం? ఇంత బెంగ ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

లెక్కల_మనిషి
తినడం వేరు, తిన్నదాంతో కడుపు నిండడం వేరు. గోదావరి_గట్టు గారికి ఒక లెక్క చెబుతాను. 2019 నుంచి 2022 వరకు వేసవుల్లో హడ్సన్ అఖాతం పడమటి తీరంలో 20 ఎలుగుబంట్లకు వీడియో కెమెరా ఉన్న కాలర్లు తొడిగి, ఒక్కోదాన్ని సుమారు మూడు వారాలు గమనించారు. ఫలితాలు 2024లో వచ్చాయి. కొన్ని ఎప్పుడూ పడుకునే ఉన్నాయి, కొన్ని బెర్రీ పళ్లు, గడ్డి, పక్షుల కళేబరాలు, ఎముకలు, కొమ్ములు వెతుక్కుంటూ తిరిగాయి. మూడు ఎలుగుబంట్లు చాలా దూరం ఈదాయి, వాటిలో ఒకటి 175 కిలోమీటర్లు ఈదింది. 20లో 19 బరువు తగ్గాయి, సగటున రోజుకు దాదాపు ఒక కిలో. తిరిగి తిరిగి మేసినవీ పడుకున్నవీ దాదాపు ఒకేలా తగ్గాయన్నది గమనించవలసిన సంగతి. పళ్ల కోసం తిరగడానికి ఖర్చయిన శక్తి ఆ పళ్లలో వచ్చిన శక్తిని తినేసింది. బరువు పెరిగినది ఒక్కటే, దానికి సముద్రజంతువు కళేబరం దొరికి 32 కిలోలు పెరిగింది.

విన్నిపెగ్_తెలుగు
ఆ ఈదిన ఎలుగుబంట్లలో రెండింటికి నీళ్లలో కళేబరాలు తగిలినా ఎక్కువ తినలేకపోయాయి. మంచు పలక మీదికో ఒడ్డుకో లాగితే గాని ఎలుగుబంటికి సరిగా తినడం కుదరదు. కాళ్ల కింద నిలబడే చోటు లేకపోతే ఎదుట మాంసం ఉన్నా ఆకలి తీరదు.

పలకాబలపం_టీచర్
ఇదే నాకు కావలసినది. అయితే సీల్‌లో అంత ప్రత్యేకత ఏముంది? ఒక సీల్ ఎన్నాళ్లు వస్తుంది?

ఉత్తరతీరం
సీల్ చర్మం కింది కొవ్వు పొరలో ఉంది ప్రత్యేకత అంతా. ధ్రువపు ఎలుగుబంటి తిన్న కొవ్వులో చాలా కొద్ది భాగం తప్ప అంతా ఒంటబడుతుంది. అందుకే వేట బాగా సాగే రోజుల్లో చర్మం, కొవ్వు తిని, ఎర్ర మాంసాన్ని చాలావరకు ధ్రువపు నక్కలకు వదిలేసి పోతుంది.

వేట పద్ధతి చూస్తే మంచు ఎందుకు కావాలో తెలుస్తుంది. రింగ్డ్ సీల్ తన ముందరి ఈతరెక్కల గోళ్లతో మంచును గీకుతూ ఊపిరి రంధ్రాలను మూసుకుపోకుండా చూసుకుంటుంది. ఎలుగుబంటి ఆ రంధ్రం పక్కన కదలకుండా, కొన్నిసార్లు గంటలకొద్దీ కాచుకుని ఉంటుంది. సీల్ ముక్కు పైకి రాగానే ఒక్క పంటి పట్టుతో మంచు మీదికి లాగేస్తుంది. వసంతంలో సీళ్లు మంచు మీద పేరుకున్న హిమంలో గుహ తొలిచి పిల్లల్ని కంటాయి. ఎలుగుబంటి వాసన పట్టి, ముందు కాళ్లతో గుహ కప్పు మీదికి బలంగా దూకి కూలగొడుతుంది. తెరిచి ఉన్న నీళ్లలో మాత్రం సీల్‌తో ఈదడంలో అది పోటీ పడలేదు. సంవత్సరానికి సరిపడా కొవ్వులో పెద్ద భాగం ఆ వసంతపు కొద్ది వారాల్లోనే సంపాదించుకోవాలి.

లెక్కల_మనిషి
టీచర్ గారి రెండో ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. బ్యూఫోర్ట్ సముద్రపు మంచు మీద వసంతంలో తొమ్మిది ఆడ ఎలుగుబంట్లను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు సగటున 12,000 కిలోకేలరీలకు పైగా ఖర్చవుతోందని తేలింది, ఇది అంతకు ముందు అనుకున్నదానికి 1.6 రెట్లు. ఆ ఖర్చు పూడాలంటే ప్రతి 10–12 రోజులకు ఒక పెద్ద రింగ్డ్ సీల్, లేదా మూడు ఎదిగీ ఎదగనివి, లేదా 19 పసికూనలు కావాలి. వేట మంచి జోరుగా ఉండే కాలంలోనే ఆ తొమ్మిదింట్లో ఐదు బరువు తగ్గాయి.

గోదావరి_గట్టు
ఈ లెక్క చూశాక నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకొక సందేహం. ఆహారం లేని వేసవిలో ఒక రకం నిద్రావస్థలోకి వెళ్లి శక్తి మిగుల్చుకుంటుందని చిన్నప్పుడు చదివాను. అది నిజం కాదా?

ఉత్తరతీరం
అలా ఒకప్పుడు అనుకున్నారు. 2015లో ప్రచురించిన పరిశోధనలో మంచు మీద ఉన్నవాటి శరీర ఉష్ణోగ్రతనూ ఒడ్డున ఉన్నవాటి ఉష్ణోగ్రతనూ కొలిచారు. తిండి దొరకని ఏ జంతువుకైనా జరిగినట్టే కొద్దిగా మందగించాయి తప్ప, నిద్రావస్థలోని ఎలుగుబంటిలా ఖర్చు తగ్గించుకోలేదు.

ఉద్దానం_కొబ్బరితోట
మా శ్రీకాకుళం జిల్లాలో పనస, జీడి పండే రోజుల్లో ఎలుగుబంట్లు కొండల మీంచి తోటల్లోకి దిగుతాయి. నేనూ వాటి అడుగులు మా తోటలో చూశాను. కొండ మీద చెదపురుగుల పుట్టలు తవ్వుకునేది ఇక్కడికి వచ్చి జీడిమామిడి పళ్లు తింటోంది, మళ్లీ వానలు పడ్డాక పుట్టల దగ్గరికి పోతోంది. చోటు మారితే తిండి మారుతుందన్నది ఎలుగుబంటి జాతికే ఉన్న గుణం కాదా?

ఉత్తరతీరం
పోలిక బాగుంది కానీ సగం దూరమే వస్తుంది. మన ఎలుగుబంటి పళ్లతోనూ పురుగులతోనూ బతకగలిగే జంతువు, దాని చుట్టూ ఆ రెండూ ఎప్పుడూ ఉంటాయి. ధ్రువపు ఎలుగుబంటి శరీరం పెద్దది, అవసరం కొవ్వు, ఉత్తర తీరంలో నేల మీద పండేది బహు తక్కువ. చోటు మారితే తిండి మారడం రెండింటికీ ఉంది, మారిన తిండి సరిపోవడం మాత్రం మన తోటల్లోనే ఉంది.

ఉద్దానం_కొబ్బరితోట
ఒప్పుకుంటున్నాను. అయితే మా దగ్గరా సరిపోతుందన్న మాట పూర్తిగా నిజం కాదు, తోటల్లో మనుషులతో ఎదురుపడి రెండువైపులా ప్రాణాలు పోతున్నాయి. ఆ మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

హిమాద్రి_రోజులు
ఆ పాప అడిగిన గుడ్ల సంగతి నేను కళ్లతో చూశాను. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపాల్లోని నీ-ఒలెసుండ్ ఊళ్లో మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి 2008 నుంచి నడుస్తోంది. అక్కడ ఒక వేసవి పని చేశాను. ఊరి హద్దు దాటాలంటే తుపాకీ శిక్షణ పొందినవాళ్లు వెంట ఉండాలి, ఇళ్ల తలుపులకు తాళాలు వేయరు, ఎలుగుబంటి ఎదురైతే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరగలగాలని.

ఎదుటి ఫ్యోర్డ్‌లో, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో, చిన్న చిన్న లంకలు ఉన్నాయి. వాటి మీద ఈడర్ బాతులు, బార్నకిల్ గూస్ పక్షులు వందల గూళ్లు కట్టుకుంటాయి. జూన్‌లో ఒక ఉదయం ఒక ఎలుగుబంటి లంకకు ఈదుకు వచ్చింది. దూరదర్శినిలో చూస్తున్నాం. తల దించుకుని, పొలంలో కలుపు తీసేవాళ్లలా ఒక గూటి నుంచి ఇంకో గూటికి వరసగా నడిచింది. తల్లిపక్షులు లేచి పైన తిరుగుతూ అరుస్తున్నాయి. అది తల పైకెత్తినప్పుడు మూతి చుట్టూ తెల్లటి బొచ్చు పచ్చసొనతో తడిసి పసుపుగా కనబడింది. మధ్యాహ్నానికి ఆ వైపు గూళ్లన్నీ ఖాళీ. పరిశోధకులు ఆ తీరంలో కొన్ని సంవత్సరాల్లో గూళ్లలో అత్యధిక భాగం ఇలాగే పోయినట్టు నమోదు చేశారు. ఎలుగుబంటి మీద జాలిపడాలో పక్షుల మీద జాలిపడాలో ఆ రోజు నాకు తెలియలేదు.

పలకాబలపం_టీచర్
మరి స్వాల్‌బార్డ్ ఎలుగుబంట్లన్నీ గుడ్ల మీదే పడ్డాయా?

హిమాద్రి_రోజులు
లేదు, అక్కడా రెండు రకాలు ఉన్నాయి. కొన్ని సంవత్సరమంతా ద్వీపాలను వదలవు. కొన్ని మంచు అంచుతో పాటు తూర్పున ఫ్రాంజ్ జోసెఫ్ ల్యాండ్ వైపు, ఉత్తరాన మంచు మీదికీ వెళ్లి తిరిగి వస్తాయి. ద్వీపాల దగ్గర ఉండిపోయేవి ఒకప్పుడు వేసవిలో హిమానీనదాలు సముద్రంలోకి విరిగిపడే చోట సీళ్ల కోసం కాచుకునేవి. ఫ్యోర్డ్‌లలో మంచు తగ్గాక అవి హిమానీనదాల ముందు గడిపే కాలం తగ్గి, పక్షుల గూళ్ల దగ్గర గడిపే కాలం పెరిగిందని ఉపగ్రహ కాలర్ల సమాచారంలో తేలింది. 2020 ఆగస్టులో హార్న్‌సుండ్ దగ్గర ఒక ఆడ ఎలుగుబంటి రెయిన్‌డీర్‌ను సముద్రంలోకి తరిమి, నీళ్లలో పట్టి, ఒడ్డుకు లాగి తిన్నది. అక్కడి పోలండ్ పరిశోధన కేంద్రం వాళ్లు దాన్ని చిత్రీకరించారు.

ల్యాబ్_కోటు
దూరంగా తిరిగే ఎలుగుబంట్లు సీళ్లు ఎక్కువ తింటాయి కాబట్టి మేలైన స్థితిలో ఉంటాయని అనుకోవద్దు. ఆహారపు గొలుసులో పైమెట్టు తిండి తింటే పైమెట్టు విషం కూడా వస్తుంది. ద్వీపాల్లో ఉండిపోయేవాటికంటే మంచుతో వెళ్లేవాటి ఒంట్లో కొన్ని పారిశ్రామిక కాలుష్య పదార్థాలు ఎక్కువగా ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అంత దూరం నడవడానికి, ఈదడానికి శక్తి ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి ఎక్కువ తినవలసి రావడం కూడా ఒక కారణం. అలాస్కా వైపు దీనికి అద్దంలో బొమ్మలాంటి ఫలితం వచ్చింది. 2004–2011 మధ్య దక్షిణ బ్యూఫోర్ట్ ఎలుగుబంట్ల వెంట్రుకల్లో పాదరసం తగ్గింది. గాలిలో పాదరసం తగ్గినందువల్ల కాదు, కొన్ని ఎలుగుబంట్లు సీల్‌కు బదులు తిమింగలం తినడం మొదలుపెట్టినందువల్ల. బోహెడ్ ఎంత పెద్దదైనా తినేది నలకంత రొయ్యజాతి జీవుల్ని, అందుకని గొలుసులో అది కిందిమెట్టు మీద ఉంటుంది.

లెక్కల_మనిషి
ఎలుగుబంటి ఏం తిన్నదో వెంట నడిచి చూడలేరు కదా, ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?

ల్యాబ్_కోటు
దాని కొవ్వును అడుగుతారు. మత్తు సూది వేసి పట్టుకున్నప్పుడు గాని, దూరం నుంచి ప్రత్యేకమైన బాణపు సూదితో గాని చర్మం కింది నుంచి చిన్న కొవ్వు ముక్క తీస్తారు. రింగ్డ్ సీల్, బియర్డెడ్ సీల్, బెలూగా తిమింగలం, బోహెడ్ ఒక్కోదాని కొవ్వులో కొవ్వు ఆమ్లాల పాళ్లు ఒక్కో రకంగా ఉంటాయి. వంటలో నువ్వుల నూనె వాడారో వేరుశనగ నూనె వాడారో వాసనను బట్టి చెప్పినట్టే, ఎలుగుబంటి కొవ్వులోని పాళ్లను ఆహారపు కొవ్వులతో పోల్చి, ఏది ఎంత శాతం తిన్నదో లెక్కగడతారు. వెంట్రుకల్లో అయితే నైట్రోజన్, కార్బన్ ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు, కొలుస్తారు. గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ బరువైన నైట్రోజన్ పాలు పెరుగుతుంది. ఉపగ్రహ కాలర్ అది ఎక్కడ తిరిగిందో చెబుతుంది, కొవ్వు ముక్క ఏం తిన్నదో చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టడం వల్లే ఇక్కడ మనం ఇంత మాట్లాడుకోగలుగుతున్నాం.

గోదావరి_గట్టు
నూనెల పోలిక మా అమ్మకు చదివి వినిపించాను, ఆమె వెంటనే ఒప్పుకున్నారు. ఇప్పుడు అలాస్కా సంగతికి వద్దాం. ఒడ్డుకు వస్తే తిమింగలం దొరుకుతుందని తెలిసినప్పుడు అన్నీ ఎందుకు రావు?

ఉత్తరతీరం
మంచి ప్రశ్న. 1990ల దాకా ఆ ప్రాంతపు ఎలుగుబంట్లలో ఇరవైకి ఒకటి మాత్రమే వేసవిలో ఒడ్డుకు వచ్చేది. 2000 తర్వాత అది పెరుగుతూ ఐదింట ఒకటి దాకా చేరింది, ఒడ్డున ఉండే రోజులు కూడా పెరిగాయి. మిగిలినవి ఇంకా మంచు వెంటే వెళుతున్నాయి. ఇందులో తల్లి నేర్పిన దారికి చాలా పాత్ర ఉన్నట్టుంది. తల్లితో పాటు ఒడ్డుకు వచ్చిన పిల్లలు పెద్దయ్యాక కూడా రావడం కనబడుతోంది. ఇక వెళ్లే దూరం చూడండి. 2008లో ఒక ఆడ ఎలుగుబంటి బ్యూఫోర్ట్ సముద్రంలో తొమ్మిది రోజులు ఆగకుండా 687 కిలోమీటర్లు ఈదింది, ఒంటి బరువులో 22 శాతం పోయింది, వెంట ఉన్న సంవత్సరం పిల్ల పోయింది. దారి తప్పుగా ఎంచుకుంటే చెల్లించవలసినది అది.

ఆ అలాస్కా తీరంలోని కాక్టోవిక్ ఊరివాళ్లకు ఏటా మూడు తిమింగలాల కోటా ఉంటుంది. మాంసం, కొవ్వుతో ఉన్న చర్మం ఊరంతా పంచుకున్నాక మిగిలిన ఎముకలు, ముక్కలు ఊరి చివర పోస్తారు. మూడు తిమింగలాల మిగుళ్లు కొన్ని డజన్ల ఎలుగుబంట్లకు చాలవచ్చు, ఆ ప్రాంతపు ఎలుగుబంట్లన్నిటికీ చాలవు. ఆ కుప్ప ఊరి పక్కనే ఉండడం వల్ల మనుషులకు, ఎలుగుబంట్లకు మధ్య దూరం తరిగిపోతుంది.

ఉద్దానం_కొబ్బరితోట
చివరి వాక్యం మా ఊళ్లో రాసినట్టు ఉంది.

విన్నిపెగ్_తెలుగు
ఊరి పక్కకు చేరడం రష్యాలోనూ జరిగింది. 2019 ఫిబ్రవరిలో నోవయా జెమ్ల్యా దీవుల్లోని బెలుష్యా గుబా ఊళ్లోకి, చెత్తకుప్పల దగ్గరికి యాభైకి పైగా ఎలుగుబంట్లు చేరితే అత్యవసర పరిస్థితి ప్రకటించారు. గుడ్ల సంగతిలో మరొకటి చేర్చాలి. హడ్సన్ అఖాతానికి ఉత్తరాన మిటివిక్ లంకలో 2017లో డ్రోన్లతో ఈడర్ కాలనీలో ఎలుగుబంట్లను చిత్రీకరించారు. ముందు వచ్చినవాటికి గుడ్లు దొరికాయి. తర్వాత వచ్చినవి ఖాళీ గూళ్ల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాయి, గూటి మీంచి ఎగిరిపోతున్న పక్షిని చూసి అక్కడ గుడ్లు ఉంటాయని పోల్చుకోలేకపోయాయి. సీల్ ఊపిరి రంధ్రం దగ్గర అంత నేర్పు చూపే జంతువు గుడ్ల దగ్గర తడబడింది.

లెక్కల_మనిషి
హడ్సన్ అఖాతం పడమటి ప్రాంతంలో ఎలుగుబంట్ల సంఖ్య 2016లో 842గా, 2021లో 618గా లెక్క తేలింది. 1980లలో దాదాపు 1,200 ఉండేవి.

పలకాబలపం_టీచర్
ఈ సంఖ్యలు నల్లబల్ల మీద రాయాలంటే చెయ్యి ఆడదు. మంచు తగ్గినా సీళ్లతోనే బతుకుతున్నవి ఎక్కడా లేవా?

ఉత్తరతీరం
ఉన్నాయి. గ్రీన్‌లాండ్ ఆగ్నేయ తీరంలో కొన్ని వందల ఎలుగుబంట్లు మిగతావాటికి దూరంగా, వేరుపడి బతుకుతున్నాయని 2022లో ప్రకటించారు. అక్కడ సంవత్సరంలో దాదాపు 250 రోజులు సముద్రపు మంచు ఉండదు. అన్ని రోజుల పస్తు ఏ ధ్రువపు ఎలుగుబంటీ తట్టుకోలేదు. అయినా ఎలా బతుకుతున్నాయంటే, హిమానీనదాల నుంచి విరిగిపడిన మంచినీటి మంచు ముక్కలు ఫ్యోర్డ్‌లలో దట్టంగా పేరుకుని, సముద్రపు మంచులాగే కాళ్ల కింద నిలుస్తాయి. ఎలుగుబంట్లు ఆ మంచు మీద నిలబడి సీళ్లను పడుతున్నాయి. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లోని ఆడ ఎలుగుబంట్లు నాలుగు రోజుల్లో సుమారు 40 కిలోమీటర్లు తిరిగితే ఇవి 10 కిలోమీటర్లే తిరుగుతాయి. అయితే అలాంటి హిమానీనదాలు ఉన్న తీరాలు ఆర్కిటిక్‌లో కొద్దిచోట్లే ఉన్నాయి. ఇదే దారి అన్నిటికీ ఉందని దయచేసి పిల్లలకు చెప్పకండి.

హిమాద్రి_రోజులు
చుక్చీ సముద్రాన్ని కూడా చేర్చండి. అక్కడ ఖండతీరపు అంచు విశాలమైనది, అందుకని పక్కనే ఉన్న బ్యూఫోర్ట్ కంటే ఎలుగుబంట్లు పుష్టిగా ఉంటూ వచ్చాయి. 2017లో రాంగెల్ దీవి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒకే ఒక బోహెడ్ కళేబరం దగ్గర 200కు పైగా ఎలుగుబంట్లు చేరాయి.

పలకాబలపం_టీచర్
ఈ రోజు పాఠం మళ్లీ చెప్పాను. ఒక్క గొలుసుకు బదులు ఉత్తర ధ్రువపు పటం గీసి, నాలుగు తీరాల దగ్గర నాలుగు వేర్వేరు గొలుసులు రాశాను. గుడ్ల బాణం స్వాల్‌బార్డ్ దగ్గర గీసే పని ఆ పాపకే ఇచ్చాను. గీసి వెళ్లి కూర్చుని మళ్లీ లేచింది. "అన్నిచోట్లా ఆడ ఎలుగుబంటి, ఆడ ఎలుగుబంటి అంటున్నారు, మగవి ఎక్కడ తిరుగుతున్నాయో ఎవరూ చూడలేదా టీచర్?" అంటోంది. ఎవరైనా చెప్పండి.

ల్యాబ్_కోటు
ఆ పాపకు నా అభినందనలు చెప్పండి. పెద్ద మగ ఎలుగుబంటి మెడ దాని తల కంటే లావు, కాలర్ తొడిగితే జారిపోతుంది. అందుకని ఇన్నేళ్ల కదలికల సమాచారంలో ఎక్కువ భాగం ఆడవాటిదే. మగవాటికి చెవికి చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలిస్తారు, అది కొన్ని నెలలకే ఆగిపోతుంది. బొచ్చుకు అతికించేవి కూడా ఇటీవల హడ్సన్ అఖాతం దగ్గర ప్రయత్నిస్తున్నారు. కొవ్వు ముక్క మాత్రం మగవాటి నుంచీ తీయవచ్చు. అందులో తెలిసినది ఏమిటంటే, పెద్ద మగవి బియర్డెడ్ సీళ్లను ఎక్కువగా తింటాయి. అది రింగ్డ్ సీల్‌కు కొన్ని రెట్ల బరువు ఉంటుంది, దాన్ని మంచు మీదికి లాగే బలం వాటికే ఎక్కువ. ఆ పెద్ద సీల్‌ను పట్టడానికి ఎంత దూరం వెళ్లిందో మాత్రం కొవ్వు ముక్కలో ఉండదు.

పలకాబలపం_టీచర్
రేపు మొదటి పీరియడ్‌లోనే చెబుతాను. బియర్డెడ్ సీల్ బొమ్మ దొరికితే ఎవరైనా ఇక్కడ పెట్టండి, నల్లబల్ల మీద గీయాలి.